కంటి ఆపరేషన్ నేర్చుకునే చేతికి మార్కులు ఎలా వేయాలి?

ఆప్తాల్మాలజీ (కంటి వైద్యం) పీజీలు ఇద్దరు ఎక్కడ కలిసినా, కాన్ఫరెన్స్‌లో టీ దగ్గరైనా హాస్టల్ వాట్సాప్ గ్రూపులోనైనా, ముందుగా వచ్చే ప్రశ్న ఒకటే: "నీకు ఎన్ని కేసులొచ్చాయి?" ఒకరు ఎనభై అంటారు, ఇంకొకరు రెండొందలు అంటారు, ఎనభై అన్నవాళ్ళ మొహం వాడిపోతుంది. రేపు ఉద్యోగానికి వెళ్తే హాస్పిటల్ వాళ్ళు అడిగేదీ అదే. పెళ్ళిచూపుల్లో కూడా అడిగారని ఒకమ్మాయి నాతో చెప్పింది. నేను టీచింగ్ హాస్పిటల్‌లో చాలా ఏళ్ళుగా పీజీలకు శుక్లాల ఆపరేషన్ నేర్పుతున్నాను కాబట్టి ఈ మాట నమ్మకంగా చెప్పగలను: ఆ అంకె విని ఆ మనిషి చేతిలో మా అమ్మ కన్ను పెట్టొచ్చో లేదో నేను తేల్చుకోలేను.

ఎందుకంటే అసలు 'కేసు' అంటే ఏమిటన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. పీజీ కోత పెట్టింది, రెక్సిస్ (లెన్స్ సంచి ముందు పొరని గుండ్రంగా చింపడం) దగ్గర చెయ్యి వణికితే సీనియర్ తీసుకున్నారు, న్యూక్లియస్ (శుక్లంలో గట్టి మధ్యభాగం) కూడా ఆయనే బయటికి తీశారు, చివర్లో లెన్స్ పెట్టడానికి మళ్ళీ పీజీకి ఇచ్చారు. ఇది కేసేనా? లాగ్‌బుక్‌లో మాత్రం "సూపర్విజన్‌లో చేసినది" అని ఒక లైను పడుతుంది. మొత్తం తనే మొదటి నుంచి చివరిదాకా, పక్కన ఎవరూ నోరు విప్పే అవసరం లేకుండా చేసిన కేసుకీ అదే లైను. రెండింటి కిందా ఒకే సంతకం, అదీ చాలాసార్లు టర్మ్ చివర్లో పుస్తకం మొత్తం ముందు పెట్టుకుని ఒక్క కూర్చోవడంలో చేసే సంతకం.

అంకెలు అసలు వద్దని నేననడం లేదు. అమెరికాలో రెసిడెన్సీ పూర్తవ్వాలంటే ప్రధాన సర్జన్‌గా కనీసం 86 శుక్లాల ఆపరేషన్లు చేసి ఉండాలి, బ్రిటన్‌లో ట్రైనింగ్ ముగిసేలోపు 350 ఫేకోలు (మిషన్‌తో చేసే శుక్లాల ఆపరేషన్లు) చేసి ఉండాలని రాయల్ కాలేజీ వాళ్ళు పెట్టుకున్నారు. కనీసం ఇన్నైనా చెయ్యనిదే చెయ్యి తిరగదన్నది నిజం. కానీ అంకె ఒక గడప మాత్రమే, అది దాటినవాళ్ళందరి చెయ్యీ ఒకేలా ఉండదు. నలభై కేసులకే శుభ్రంగా చేసే పిల్లల్ని చూశాను, నూటయాభై దాటాక కూడా అదే తప్పుని అదే చోట చేస్తూ, ఎవరూ చెప్పలేదు కాబట్టి అది తప్పని కూడా తెలియని వాళ్ళనీ చూశాను.

మన ఎమ్మెస్ పరీక్ష సంగతి చూడండి. లాంగ్ కేసు, షార్ట్ కేసులు, రిఫ్రాక్షన్, ఫండస్, వైవా. ఎగ్జామినర్లు రెండు రోజులు కూర్చుని పిల్లల బుర్రలో ఉన్నదంతా తోడేస్తారు. చాలా చోట్ల చెయ్యిని మాత్రం ఎవరూ చూడరు. పేషెంట్ కంటి మీద పరీక్ష పెట్టడం సరికాదు, ఆ మాట నిజమే, కానీ అలాంటప్పుడు మూడేళ్ళ పొడుగునా ఎవరో ఒకరు ఆ చెయ్యిని పద్ధతిగా చూసి రాసి ఉండాలి కదా. నేషనల్ మెడికల్ కమిషన్ (ఎన్ఎంసీ) పీజీ కరిక్యులమ్ కూడా లాగ్‌బుక్కుతో పాటు నైపుణ్యాల్ని దగ్గరుండి చూసి అంచనా వేయమనే చెబుతోంది. అది జరిగే చోటు కొంత ఉంది, జరగని చోటు చాలా ఉంది. జరగని చోట పిల్లల గురించి వినపడేది రెండే తీర్పులు: "వాడి హ్యాండ్స్ బాగున్నాయి", "ఆమెకి ఇంకా టైమ్ పడుతుంది". ఇంతే. ఏం బాగుంది, దేనికి టైమ్ పడుతుంది అనేది ఎవరూ చెప్పరు. ఆ రెండో మాట చెవిన పడ్డ పిల్ల ఓటీకి (ఆపరేషన్ థియేటర్‌కి) వచ్చేముందు నిద్రపోదు.

డాక్టర్లు కానివాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి ఈ ఆపరేషన్‌లో ఏం జరుగుతుందో కొంచెం చెప్పాలి. శుక్లం అంటే కంట్లో పుట్టుకతో ఉండే లెన్స్ మసకబారడం. దాన్ని తీసి కృత్రిమ లెన్స్ పెడతాం. ఫేకోలో మిషన్ ఆ శుక్లాన్ని లోపలే ముక్కలు చేసి పీల్చేస్తుంది, కోత మూడు మిల్లీమీటర్లలోపే. మన పీజీలు ఎక్కువమంది ముందుగా నేర్చుకునేది ఎస్ఐసీఎస్, అంటే మిషన్ లేకుండా శుక్లాన్ని ముద్దగానే బయటికి తీసే పద్ధతి. దానికి కంటి తెల్లభాగంలో ఆరు, ఆరున్నర మిల్లీమీటర్ల గాటు పెట్టి, అక్కడి నుంచి ముందుకు, నల్లగుడ్డు మీదుండే పారదర్శకమైన కార్నియాలోకి, పొరల మధ్యలోంచి ఒక టన్నెల్ చేసుకుంటూ వెళ్తాం. అది సరిగ్గా కుదిరితే ఆపరేషన్ అయ్యాక కంటి లోపలి ఒత్తిడికి దానంతట అదే మూసుకుంటుంది, కుట్టు అక్కర్లేదు. ఊళ్ళలో క్యాంపులు పెట్టి వేలమందికి తక్కువ ఖర్చుతో చూపు తెప్పించగలుగుతున్నామంటే ఈ పద్ధతి పుణ్యమే. మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రికి వేరే దేశాల నుంచి డాక్టర్లు వచ్చి నేర్చుకుని వెళ్ళేది కూడా దీన్నే.

ఇప్పుడు ఆ టన్నెల్ ఒక్కదాన్నే తీసుకుందాం. క్రెసెంట్ బ్లేడు పొరల మధ్య వెళ్తుంటే పైనుంచి దాని అంచు లీలగా కనపడాలి. మరీ స్పష్టంగా కనపడుతోందంటే పైపైన పోతున్నారని అర్థం, పైపొరకి చిల్లు పడుతుంది. అసలు కనపడకుండా పోతే లోతుకి దిగిపోయారని, ఇంకాసేపట్లో అనుకున్న చోటుకంటే ముందే కంటిలోకి దిగిపోతారు, అప్పుడు ఐరిస్ (కనుపాప చుట్టూ ఉండే రంగు పొర) ఆ దారిలో బయటికి తోసుకొస్తుంది, మిగతా ఆపరేషన్ మొత్తం దాంతోనే పోరాటం. బయట నిలబడి చూసేవాళ్ళకి ఈ రెండు తప్పులూ మంచి టన్నెల్ కూడా ఒకేలా కనిపిస్తాయి. తేడా ఉండేది మిల్లీమీటర్‌లో పదో వంతు కంటే తక్కువ లోతులో. ఇక లెన్స్ సంచి వెనక పొర సన్నగా ఉన్న చోట మందం నాలుగు మైక్రాన్ల దాకానే ఉంటుంది, తల వెంట్రుక దాని ముందు మోకు. ఆ పొర చిరిగితే లోపలి విట్రియస్ జెల్లీ ముందుకొస్తుంది, అదే మేం పీసీ రెంట్ అనే కాంప్లికేషన్, కొత్త సర్జన్ రాత్రి నిద్ర చెడగొట్టేది. ఇంత సున్నితమైన పనిని "హ్యాండ్స్ బాగున్నాయి" అనే మాటతో కొలవడం అన్యాయం.

నేను నిజంగా మారింది, ఆపరేషన్‌లో స్టెప్పు స్టెప్పుకీ మార్కులు వేసే ఓస్కార్ ఫామ్ చేతికొచ్చాక. ఇంటర్నేషనల్ కౌన్సిల్ ఆఫ్ ఆప్తాల్మాలజీ వాళ్ళు తయారుచేసింది, అమెరికా కంటి డాక్టర్ కార్ల్ గోల్నిక్ గారు ముందుండి, రకరకాల దేశాల టీచర్లతో కూర్చుని. దీనికి ముందు చరిత్ర ఉంది. 1997లో టొరంటోలో జనరల్ సర్జరీ నేర్చుకునే పిల్లల కోసం ఓశాట్స్ అనే పద్ధతి వచ్చింది, 2005లో హార్వర్డ్ వాళ్ళు కంటి సర్జరీకి ఒయాసిస్, గ్రాసిస్ అని రెండు ఫామ్‌లు పెట్టారు, 2007లో లండన్ వైపు నుంచి శుక్లాల ఆపరేషన్ కోసం ఓశాక్స్ వచ్చింది. ఇవన్నీ మంచివే. వీటిలో చాలావాటిలో ఒకటి నుంచి అయిదు దాకా అంకె వేయడం ఉంటుంది, కానీ మూడంటే ఏమిటో నా మనసులో ఒకటి, పక్క ప్రొఫెసర్ గారి మనసులో ఇంకొకటి. ఓస్కార్‌లో ఒక్కో స్టెప్పుకీ ఒక్కో గడిలో ఏం కనపడితే ఏ మార్కో వాక్యాల్లో రాసి ఉంటుంది. నోవిస్ అయితే 2, బిగినర్ 3, అడ్వాన్స్‌డ్ బిగినర్ 4, కాంపిటెంట్ 5. ఫేకో ఫామ్‌లో మొత్తం 20 అంశాలు, 14 ఆపరేషన్ స్టెప్పులు, 6 మొత్తం మీద చూసేవి. ఎస్ఐసీఎస్‌కి వేరే ఫామ్, గ్లకోమాకి చేసే ట్రాబెక్యులెక్టమీకి, మెల్లకంటికి, విట్రియస్ జెల్లీ తీసే విట్రెక్టమీకి, పిల్లల శుక్లాలకి వేర్వేరు ఫామ్‌లు ఉన్నాయి.

అందులో నాకు అన్నిటికంటే నచ్చిన గడి సున్నా. ఆ స్టెప్ టీచర్ చేస్తే దానికి సున్నా వేయాలి. పిల్లల్ని శిక్షించడానికి కాదు, ఆ పని వాళ్ళు చెయ్యలేదని నిజాయితీగా రాయడానికి. లాగ్‌బుక్‌లో ఒక్క లైనుతో మాయమయ్యే సంగతంతా ఆ సున్నాల్లో కనపడుతుంది. ఒక పీజీ ఫామ్‌లు వరసగా పెట్టి చూస్తే, లెన్స్ పెట్టడంలో అయిదులు, డ్రేపింగ్‌లో (కంటి చుట్టూ శుభ్రమైన గుడ్డ కప్పడంలో) అయిదులు, న్యూక్లియస్ తీయడంలో వరసగా సున్నాలు. అంటే ఈ అబ్బాయికి ఇంతకాలం ఎవరూ న్యూక్లియస్ ఇవ్వనేలేదు. ఆ తప్పు అబ్బాయిది కాదు, మాది. ఫామ్ చూశాకే డిపార్ట్‌మెంట్ మీటింగ్‌లో ఆ మాట గట్టిగా అనుకోగలిగాం, తర్వాతి లిస్టులో అతనికి న్యూక్లియస్ దాకా ఇచ్చాం.

మొత్తం మీద చూసే ఆ ఆరు అంశాల గురించి పుస్తకాలు పెద్దగా మాట్లాడవు, కానీ సర్జన్ ఎవరో అక్కడే తెలుస్తుంది. కన్ను మైక్రోస్కోప్ మధ్యలో ఉందా, పక్కకి జారిపోతోందా. కోత దగ్గర పరికరాన్ని ఇరుసు మీద తిప్పినట్టు తిప్పుతున్నారా, అంచుని నొక్కేస్తున్నారా. కార్నియా మీద మడతలు పడుతున్నాయా. ఐరిస్‌ని అనవసరంగా తాకుతున్నారా. కంటి లోపల పరికరం కొస ఏ లోతులో ఉందో వాళ్ళకి తెలుసా. ఆరోది వేగం, దాని సంగతి తర్వాత చెప్తాను. ఈ ఆరూ బాగుంటే మిగతావి వస్తాయి.

ఒక సంఘటన చెప్తాను. సెకండియర్ అమ్మాయి, చాలా కష్టపడే పిల్ల, రెక్సిస్ మాత్రం పదేపదే పక్కకి పారిపోయేది. రెక్సిస్ అంటే లెన్స్ సంచి ముందు పొరని గుండ్రంగా చింపడం, మొత్తం ఆపరేషన్‌కి ఆయువుపట్టు అది. అందరూ ఆమెకి ఇచ్చిన సలహా ఒకటే: "రెక్సిస్ ప్రాక్టీస్ చెయ్యి". చేసింది పాపం, వెట్ ల్యాబ్‌లో మేక కళ్ళ మీద, టమాటా తొక్క మీద, చాక్లెట్ రేకు మీద. వాటి మీద చక్కగా వచ్చేది. ఓటీలోకి రాగానే మళ్ళీ పారిపోయేది. ఇక తన చేతిలోనే ఏదో లోపం ఉందని ఆమెకి గట్టి నమ్మకం పడిపోయింది.

వీడియో తెచ్చి ఇద్దరం కూర్చున్నాం. ఫామ్ నింపుతూ వెళ్తుంటే రెక్సిస్ గడిలో 3 పడింది, అది కొత్త సంగతి కాదు. కానీ దానికంటే ముందే, సూది లోపలికి వెళ్ళిన క్షణం నుంచీ, ఇంకో గడిలో 2 వేయాల్సి వస్తోంది. (కింద వచ్చే విస్కో అంటే, కంటి ముందు గది కుంగిపోకుండా లోపల నింపే జెల్లీ లాంటి ద్రవం.)

"అమ్మా, ఇక్కడ ఆపు. విస్కో ఎటు పోతోంది?"

వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. "బయటికి వస్తోంది మేడమ్."

"ఎందుకు వస్తోంది?"

ఇంకోసారి తిప్పింది. "కోత అంచుని కిందికి నొక్కుతున్నాను మేడమ్... అయ్యో, మొదటినుంచీ నొక్కుతూనే ఉన్నాను."

అంతే సంగతి. అంచు నొక్కితే లోపల నింపిన విస్కో జారిపోతుంది, అది పోతే కంటి ముందు గది లోతు తగ్గుతుంది, వెనకనుంచి లెన్స్ ముందుకి ఉబ్బుతుంది, అప్పుడు పొర చిరుగు అంచువైపు పరుగెత్తడానికే చూస్తుంది, ఎంత నేర్పున్న చెయ్యైనా దాన్ని తిప్పడం కష్టం. రెక్సిస్‌లో తప్పు రెక్సిస్‌లో లేదు. టమాటా తొక్క మీద ఆ తప్పు బయటపడదు, ఎందుకంటే టమాటాకి ముందు గదీ లేదు, విస్కో జారిపోవడమూ లేదు. ఆ తర్వాత ఆమెకి నేను చెప్పింది చిన్నదే: విస్కో మళ్ళీ నింపకుండా ముందుకెళ్ళొద్దు, సూదిని ఎత్తి తిప్పు, నొక్కి తిప్పొద్దు. కొన్ని కేసుల్లోనే మారిపోయింది. ఎన్ని కేసులొచ్చాయని అడిగితే ఇది ఎప్పటికీ దొరికేది కాదు, "ఆమెకి ఇంకా టైమ్ పడుతుంది" అని వదిలేసి ఉండేవాళ్ళం, టైమ్ పడుతూనే ఉండేది.

వీడియో ఎందుకు అంటే, ఓటీలో పక్క మైక్రోస్కోప్‌లో చూస్తున్నప్పుడు నా దృష్టి పేషెంట్ మీద ఉంటుంది, ఉండాలి కూడా. మార్కుల ఆలోచన అప్పుడు రాదు. ఆపరేషన్ అయిపోయాక గుర్తున్నది రాద్దామంటే గుర్తుండేది చివరి అయిదు నిమిషాలే, చివర్లో పీసీ రెంట్ అయితే మొదట్లో చేసిన అందమైన టన్నెల్ కూడా మనసులో పాడైపోతుంది. వీడియోలో ఆ గొడవ లేదు. పేరు తీసేసి పెడితే ఇంకా మంచిది. మా దగ్గర ఇప్పుడు ఒకే వీడియోని ఇద్దరు టీచర్లు వేర్వేరుగా చూసి వేస్తారు. మొదట్లో తేడాలు బాగా వచ్చేవి. ఒకరు ఎవరికైనా నాలుగు కంటే తక్కువ వేయరు, ఇంకొకరికి అయిదు వేయాలంటే ప్రాణం ఒప్పదు. అవి ఆ మనుషుల స్వభావాలు, పిల్లల చేతులకి సంబంధం లేనివి. కూర్చుని గడిలో రాసి ఉన్న వాక్యాన్ని పైకి చదువుకుంటూ వేయడం మొదలుపెట్టాక ఆ తేడా తగ్గింది. పేరు తెలిసినప్పుడు ఇష్టమైన పిల్లలకి ఎక్కువా, మౌనంగా ఉండే పిల్లలకి తక్కువా పడటం నేను కళ్ళారా చూశాను, అది ఎవరూ కావాలని చేసేది కాదు.

వేగం గురించి కూడా ఒక మాట. మన ఓటీల్లో వేగానికి ఉన్న గౌరవం చాలా ఎక్కువ. క్యాంపు రోజు లిస్టు పొడుగ్గా ఉంటుంది, అయిదారు నిమిషాల్లో కేసు ముగించే సీనియర్ని అందరూ ఆరాధనగా చూస్తారు, పిల్లలు అదే అలవరచుకోవాలనుకుంటారు. ఓస్కార్‌లో వేగం ఉంది, కానీ ఇరవైలో ఒక్క గడి, అదీ తడబాటు లేని కదలికతో కలిపి. నాకు ఇది చాలా సరైన నిష్పత్తి అనిపిస్తుంది. సీనియర్ అయిదు నిమిషాల్లో చేస్తున్నారంటే చెయ్యి వేగంగా కదులుతోందని కాదు, అనవసరమైన కదలికలు లేవని. ఆయన వీడియోని మామూలు వేగంతోనే చూడండి, చెయ్యి తాపీగా ఉంటుంది. తొందరపడే పీజీ వీడియోలో సిమ్‌కో క్యాన్యులా (లోపల మిగిలింది పీల్చే సన్నటి గొట్టం) ఒకచోటికి మూడుసార్లు వెళ్ళి వస్తుంటుంది. కార్టెక్స్ (న్యూక్లియస్ తీశాక మిగిలే మెత్తటి భాగం) పీల్చేటప్పుడు వెనక పొర క్యాన్యులా రంధ్రానికి చిక్కుకుంటే పొర మీద నక్షత్రంలా గీతలు పడతాయి, అవి కనపడగానే లాగడం ఆపి, పట్టు వదిలి, కొంచెం ద్రవాన్ని వెనక్కి తోసి విడిపించాలి. ఆ గీతలు చూసి ఆగే చెయ్యి నాకు కావాలి. ఎంతసేపు పట్టిందన్నది తర్వాత సంగతి.

సిమ్యులేటర్ల సంగతి అడుగుతుంటారు. జర్మనీవాళ్ళ ఐసై అనే మిషన్ ఉంది, కంప్యూటర్ కంట్లో ఆపరేషన్ చేయిస్తుంది, మార్కులూ అదే వేస్తుంది. డెన్మార్క్‌లో 18 మంది సర్జన్లని దాని మీద నిర్ణీత స్థాయి వచ్చేదాకా సాధన చేయించి, ముందూ తర్వాతా నిజమైన ఆపరేషన్ల వీడియోలు, ఎవరివో తెలియకుండా, ఓశాక్స్‌తో కొలిచారు. అప్పటిదాకా సొంతంగా చెయ్యనివాళ్ళు 32 శాతం మెరుగుపడ్డారు, 2017లో వచ్చిన పరిశోధన ఇది. బ్రిటన్‌లో ఆ మిషన్లు అందుబాటులోకి వచ్చాక మొదటి రెండేళ్ళ ట్రైనీల పీసీ రెంట్లు 4.2 శాతం నుంచి 2.6 శాతానికి తగ్గాయి. చిన్న తేడా కాదు, ప్రతి శాతం వెనకా మనుషులున్నారు. మిషన్ చాలా ఖరీదు, మన కాలేజీలు ఎక్కువ కొనలేవు, అది అర్థమయ్యే విషయమే.

కానీ దానికంటే నన్ను కదిలించింది ఆఫ్రికా నుంచి వచ్చిన ఒలింపిక్స్ అనే ట్రయల్, 2021లో ప్రచురించారు. కెన్యా, టాంజానియా, ఉగాండా, జింబాబ్వేల నుంచి ట్రైనీలు, వాళ్ళు నేర్చుకునేది మన పిల్లలు నేర్చుకునే ఎస్ఐసీఎస్సే. సగం మందిని కేప్‌టౌన్‌లో అయిదు రోజులు కృత్రిమ కళ్ళ మీద గట్టిగా సాధన చేయించారు, ప్రతి స్టెప్పుకీ మార్కులు వేసి, వాళ్ళ వీడియోలు వాళ్ళకే చూపించి. మిగతా సగం మామూలు ట్రైనింగ్‌లో ఉన్నారు, వాళ్ళకి ఆ కోర్సు ఏడాది తర్వాత ఇచ్చారు. ఆ ఏడాదిలో కోర్సు చేసినవాళ్ళ పీసీ రెంట్లు 7.8 శాతం, చెయ్యనివాళ్ళవి 26.6 శాతం. పైగా కోర్సు చేసినవాళ్ళకి కేసులు కూడా రెట్టింపు కంటే ఎక్కువ దొరికాయి. నాకు ఇందులో కనపడేదేమిటంటే, పిల్లల చేతి మీద టీచర్‌కి నమ్మకం కుదిరితే కేసు ఇస్తారు, నమ్మకం ఏదో గాల్లోంచి రాదు, చూసి రాసి ఉన్న కాగితం నుంచి వస్తుంది. మన దగ్గర మేక కళ్ళు దొరుకుతాయి, మటన్ కొట్టు అబ్బాయికి ముందురోజు చెప్తే పొద్దున్నే పక్కన పెట్టి ఇస్తాడు. పాత మైక్రోస్కోప్ ఒకటి, వాడేసిన బ్లేడ్లు, వారంలో ఒక సాయంత్రం. ఇంతకంటే ఎక్కువ అక్కర్లేదు. మేక కంటి ముందు పొర మనుషుల పొరకంటే సాగుతుంది కాబట్టి రెక్సిస్ అక్కడ వేరేలా అనిపిస్తుంది, కానీ టన్నెల్‌కి, సైడ్ పోర్ట్‌కి (పక్కన పెట్టే చిన్న గాటుకి), కుట్లకి దానంత మంచి గురువు లేదు. సాధన చేసినప్పుడు కూడా ఫామ్ పక్కన పెట్టుకుని వేయాలి, లేకపోతే తప్పునే బాగా సాధన చేస్తారు.

ఇదంతా ఎందుకు ఇంత పట్టించుకుంటానంటే, ఎవరి కంటి మీద నేర్చుకుంటున్నామో ఒకసారి ఆలోచించండి. క్యాంపు బస్సు దిగి, చేతిలో సంచి పట్టుకుని, మెడలో నంబర్ కార్డు వేసుకుని వరసగా బెంచీ మీద కూర్చునే పెద్దవాళ్ళ కంటి మీద. డబ్బులున్నవాళ్ళు సర్జన్ పేరు అడిగి వస్తారు. వీళ్ళు అడగరు. ఒక తాత పీజీ అబ్బాయి చెయ్యి పట్టుకుని "నీ హస్తవాసి మంచిదంట గదా బిడ్డా, జర మంచిగ చెయ్యి" అన్నాడు, ఎవరు చెప్పారో తెలియదు, బహుశా తన ధైర్యం కోసం తనే అనుకున్నాడేమో. ఆపరేషన్ చేసేది నేర్చుకుంటున్న డాక్టరని, పక్కనే పెద్ద డాక్టర్ ఉంటారని తెలుగులో, వాళ్ళకి అర్థమయ్యే మాటల్లో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. చెప్తే వద్దంటారని కొందరికి భయం. నా అనుభవంలో చాలామంది వద్దనరు, "మీరు పక్కనుంటే చాలమ్మా" అంటారు. వద్దన్నవాళ్ళకి నేనే చేస్తాను, అందులో గొడవేం లేదు.

ఇంకొన్ని విషయాల్లో నేను మొండిగా ఉంటాను. రెండో కంట్లో చూపు ఇప్పటికే పోయినవాళ్ళని మొదటి ఏడాది, రెండో ఏడాది పిల్లలకి ఇవ్వను. కనుపాప విప్పారనివాళ్ళు, లెన్స్‌ని పట్టుకునే దారాలు బలహీనంగా ఉన్నవాళ్ళు, నల్లగా గట్టిపడ్డ శుక్లాలు కూడా అంతే. కేసు ఎంత కష్టమైందో ఫామ్ మీద రాయకపోతే మార్కులకి అర్థం ఉండదు కూడా. తేలిక కళ్ళ మీద వచ్చిన అయిదూ, లోతుగా ఉన్న చిన్న కంటి మీద వచ్చిన నాలుగూ ఒకటి కాదు.

పేషెంట్ మెలకువగా ఉంటారు, మా మాటలన్నీ వింటారు. మత్తు కంటి చుట్టూ మాత్రమే. అందుకే ఓటీలో "అయ్యో", "అలా కాదు", "చింపేశావ్" లాంటి మాటలు నోట్లోంచి రాకూడదు. మా దగ్గర "బాగుంది, ఒక్క క్షణం ఆగమ్మా" అంటే చెయ్యి ఉన్నచోటే ఆపెయ్యమని. "నేనొకసారి చూస్తాను" అంటే పరికరం మెల్లగా బయటికి తీసి కుర్చీ ఇవ్వమని. ఇది మొదటిరోజే చెప్పేస్తాను, ఎప్పుడు తీసుకుంటానో కూడా ముందే చెప్తాను: రెక్సిస్ అంచు దాటబోతుంటే, నక్షత్రం గీతలు కనపడ్డా లాగుతుంటే, పరికరం కొస కనపడకుండా కదులుతుంటే. ముందే తెలిస్తే తీసుకున్నప్పుడు అవమానం అనిపించదు. ఓటీలో, సిస్టర్ల ముందు, పిల్లల్ని తిట్టడం నేర్పడం కిందికి రాదు, తిట్లు తిన్న చెయ్యి తర్వాతి కేసులో ఇంకా వణుకుతుంది, ఆ వణుకు ఇంకో పేషెంట్ కంట్లోకి వెళ్తుంది. చెప్పాల్సింది అదే రోజు సాయంత్రం, తలుపు వేసుకుని, వీడియో ముందు పెట్టుకుని చెప్పాలి. వారం తర్వాత చెప్తే గుర్తుండదు, ఆ చెయ్యి ఆ క్షణంలో ఏం అనుకుందో ఆ రోజు వాళ్ళకే తెలుసు.

మర్నాడు పొద్దున కట్టు విప్పినప్పుడు పీజీ అక్కడుండి తీరాలి. ఇది ఏ ఫామ్‌లోనూ లేదు, నా పట్టుదల. కార్నియా తేటగా ఉందా, పొగమంచు పట్టినట్టు ఉబ్బిందా, లెన్స్ మధ్యలో కూర్చుందా, బోర్డు మీద ఎన్నో వరస చదివారు. పక్కన ఫామ్ పెట్టుకుని చూస్తే నిన్న టిష్యూ హ్యాండ్లింగ్‌లో 2 ఎందుకు వేశానో ఇవాళ ఆ కార్నియాయే చెప్తుంది. కానీ చూపు బాగా వచ్చింది కాబట్టి ఆపరేషన్ బాగా చేశారనుకోవడం కూడా కుదరదు, సగం స్టెప్పులు సీనియర్ కాపాడి ఉండొచ్చు. రెండూ చూడాలి.

పీజీలు మెసేజ్ పెట్టి అడుగుతుంటారు, "మా దగ్గర ఇవేం లేవు మేడమ్, ఎవరూ పట్టించుకోరు, మేమేం చెయ్యాలి?" అని. మీ కేసు రికార్డు చేసుకోండి, కెమెరా లేకపోతే ఫోన్‌ని మైక్రోస్కోప్‌కి బిగించే అడాప్టర్ దొరుకుతుంది, పేషెంట్ పేరూ మొహం పడకుండా, డిపార్ట్‌మెంట్ అనుమతితో. ఓస్కార్ ఫామ్ ఉచితమే. మీకు మీరే వేసుకోండి, మీ బ్యాచ్‌మేట్ చేత వేయించుకోండి, రెండు అంకెలు ఎక్కడ కలవలేదో ఆ చోటు మళ్ళీ చూడండి. ఆ తర్వాత ఒక్క వీడియో, ఒక్క స్టెప్ పట్టుకుని మీ సార్ దగ్గరికి వెళ్ళి "సార్, ఈ ఒక్క నిమిషం చూస్తారా" అని అడగండి. మొత్తం ఆపరేషన్ చూడమంటే ఎవరికీ తీరదు. ఒక్క నిమిషం చూడమంటే కాదనేవాళ్ళు నాకు పెద్దగా తగల్లేదు.

వీడియో చూసి స్టెప్పులు విడదీసే, పరికరాల కదలిక కొలిచే కంప్యూటర్ ప్రోగ్రాములు వస్తున్నాయి. రానివ్వండి, లెక్కపెట్టే పని అవి చేస్తే మాకు మాట్లాడటానికి టైమ్ మిగులుతుంది.

ఈ టర్మ్ నుంచి మా డిపార్ట్‌మెంట్‌లో టీచర్ల వీడియోలు కూడా పేర్లు తీసేసి పీజీల వీడియోలతో కలిపి పెడదామని ప్రతిపాదించాను. ఒక సీనియర్ గారు ఒప్పుకోలేదు, పిల్లలు మన తప్పులు చూస్తే గౌరవం పోతుందని. ఆయన భయం నాకు అర్థమవుతుంది, ఆయన దగ్గరే నేనూ చాలా నేర్చుకున్నాను. ఇంకో ఇద్దరు ఒప్పుకున్నారు కాబట్టి మా ముగ్గురి వీడియోలతో మొదలుపెడుతున్నాం, మొదటి లిస్టు వచ్చే బుధవారం. నా కేసుల్లో కొంచెం కష్టమైనవే ఇమ్మని టెక్నీషియన్‌కి చెప్పాను.